శ్రీనగర్ – కన్యాకుమారి, వయా పెనుకొండ

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని గుడిబండ రెండు పెద్ద దారుల నడుమ ఉన్న ఊరు. తూర్పుకు బయలుదేరి మడకశిర దాటి పెనుకొండ వైపు సాగితే శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. పడమరకు సాగి కర్ణాటకలోని శిరకు చేరితే ఢిల్లీ నుంచి ముంబయి, బెంగళూరు మీదుగా చెన్నైకి పోయే 48వ నంబరు రహదారి ఎదురవుతుంది. ఈ రెండిట్లో ఏదీ గుడిబండను తాకదు. అయినా ఆ మండలంలో పండిన వేరుశనగ మిల్లుకు చేరాలన్నా, పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్ దాటి బయటికి పోవాలన్నా, పిల్లలు చదువులకూ పనులకూ బెంగళూరు వెళ్ళాలన్నా చివరికి వీటిలో ఒకదాని మీదికి ఎక్కాల్సిందే. అందులో 44 కథే ఇక్కడ చెప్పుకోవలసింది.

దేశంలో ఇంత పొడవైన రహదారి మరొకటి లేదు. 3,700 కిలోమీటర్ల పైచిలుకు. జమ్మూకాశ్మీర్‌లో మొదలై పంజాబ్, హర్యానా, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లో చిన్న ముక్క, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక దాటి తమిళనాడు కొసన ముగుస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 250 కిలోమీటర్లు. కర్నూలు దగ్గర తుంగభద్ర దాటి లోపలికి వచ్చి వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి, పామిడి, అనంతపురం, రాప్తాడు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, సోమందేపల్లి, పాలసముద్రం మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కర్ణాటకలోకి దిగిపోతుంది. ధర్మవరం దీనికి తూర్పున, హిందూపురం పడమరన కాస్త ఎడంగా మిగిలాయి. ఆ రెండు ఊళ్ళకూ రైలు దక్కింది, ఈ రోడ్డు దక్కలేదు.

పటం తీసి చూస్తే ఒక సంగతి ఆశ్చర్యపరుస్తుంది. కన్యాకుమారి రేఖాంశం సుమారు 77.5 డిగ్రీలు. బెంగళూరు 77.6. పెనుకొండ, అనంతపురం, గుత్తి కూడా ఇంచుమించు అంతే. గుత్తి దాటాక రోడ్డు ఈశాన్యానికి ఒరిగి హైదరాబాద్, నాగపూర్ చుట్టి, ఆగ్రా దగ్గర మళ్ళీ 78కి వచ్చి, 77.2 దగ్గర ఢిల్లీ చేరుతుంది. ద్వీపకల్పం కొస, దేశ రాజధాని దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కాబట్టి వాటిని కలిపే దారి ఆ గీతను విడిచి ఎంతో దూరం పోలేదు.

ఆ గీతను రోడ్డు ఇంజినీర్ల కంటే రెండు వందల ఏళ్ళ ముందే ఒకాయన పట్టుకున్నాడు. 1802లో మద్రాసు దగ్గర మహా త్రికోణమితి సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, 78 డిగ్రీల రేఖాంశాన్ని వెన్నెముకగా పెట్టుకుని దక్షిణం నుంచి ఉత్తరానికి దేశాన్ని కొలవడానికి పూనుకున్నాడు. పద్ధతి సరళమైనదే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకట్టవచ్చు. ఆ ఒక్క భుజాన్ని మాత్రం నేల మీద ఉక్కు గొలుసుతో, మైళ్ళ పొడవునా, వెంట్రుకవాసి తేడా రాకుండా కొలవాలి. దాన్ని ఆధార రేఖ అంటారు. 1804లో బెంగళూరు దగ్గర, 1811లో గుత్తి దగ్గర ఆయన అలాంటి రేఖలు కొలిచాడు. అక్కడి నుంచి కొండ మీంచి కొండ మీదికి థియోడలైట్ గురిపెడుతూ త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు. రాయలసీమలో విడివిడిగా నిలిచిన బండకొండలు ఆ పనికి ఎంతో అనుకూలం. ఎక్కి చూస్తే చుట్టూ ఎంతో దూరం కనబడుతుంది. 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ ఊరు కూడా నేటి 44 మీదే ఉంది. మిగిలిన పనిని జార్జ్ ఎవరెస్ట్ హిమాలయ పాదాల దాకా తీసుకుపోయాడు. ఈ రోజు రోడ్డు సర్వేకు ఉపగ్రహాలు, డ్రోన్లు, లేజర్ పరికరాలు వాడుతున్నారు. ఏది వాడినా తొలి ప్రశ్న మారలేదు: ఈ నేల ఎక్కడ ఎంత ఎత్తు, ఎంత వాలు?

దక్కన్‌లో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు రోడ్డు వేసేవాళ్ళకు ఊరటనిస్తుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. అనంతపురం దాదాపు 335, కర్నూలు 275 ప్రాంతం. అంటే బెంగళూరు నుంచి కర్నూలు దాకా సుమారు 360 కిలోమీటర్లలో 600 మీటర్ల పైచిలుకు దిగాలి. సగటున కిలోమీటరుకు రెండు మీటర్లు కూడా లేదు. పెద్ద సొరంగాలు, మెలికల ఘాట్ రోడ్లు అక్కరలేకుండానే కొండల మధ్య సందులు వెతుక్కుంటూ దిగిపోవచ్చు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. పైన మైసూరు పీఠభూమికీ కింద పెన్నా లోయకూ నడుమ రాకపోకలన్నీ కనిపెట్టుకుని ఉండగల చోటు అది. కోట గోడల మీంచి కాపలావాళ్ళు చూసిన దిక్కుగానే ఇప్పుడు నాలుగు వరుసల్లో లారీలు పోతున్నాయి.

నదుల సంగతి మాత్రం అంత సులువు కాదు. దక్కన్ పడమర ఎత్తు, తూర్పు పల్లం. కృష్ణ, గోదావరి, పెన్న, కావేరి అన్నీ తూర్పుకే పారతాయి. తూర్పు–పడమర రోడ్డు నది ఒడ్డు వెంట సాగిపోవచ్చు. ఉత్తర–దక్షిణ రోడ్డుకు ఆ వెసులుబాటు లేదు, ప్రతి నదినీ అడ్డంగా దాటాలి. 44 నర్మదను మధ్యప్రదేశ్‌లో, పెన్‌గంగను ఆదిలాబాద్ సరిహద్దులో, గోదావరిని నిర్మల్ దగ్గర సోన్‌లో, కృష్ణను బీచుపల్లిలో, తుంగభద్రను కర్నూలులో, పెన్నను పామిడిలో దాటుతుంది. ఆ తర్వాత కావేరి, వైగై, తామ్రపర్ణి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు హైదరాబాద్–బెంగళూరు రాకపోకలే తెగిపోయాయి. వంతెన నిలబడితే చాలదు, దాని రెండు కొసలకూ వచ్చే రోడ్డు కూడా నీటి పైన ఉండాలని ఆ వరద నేర్పింది.

ఈ దారికి 44 అనే అంకె కొత్తది. 2010కి ముందు వారణాసి నుంచి కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్ల 7వ నంబరు రహదారి ఉండేది, పెనుకొండ దాని మీదే ఉంది. 2010లో కేంద్రం దేశమంతటా నంబర్లు మార్చి, పాత 1ఏ, 1, 2, 3, 75, 26, 7 రహదారుల ముక్కల్ని కలిపి 44 చేసింది. కొత్త పద్ధతిలో ఉత్తర–దక్షిణ దారులకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. తూర్పు–పడమర దారులకు బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మూడంకెలుంటే అది కొమ్మ దారి, చివరి రెండంకెలు తల్లి దారివి. కొడికొండ చెక్‌పోస్టు నుంచి లేపాక్షి, హిందూపురం, మడకశిర, రొళ్ళ, అగళి మీదుగా శిర దాకా పోయే దారికి 544ఈ అని పేరు పెట్టారంటే అది 44కు పుట్టిన కొమ్మ అని.

నంబరు మారక ముందే రోడ్డు స్వరూపం మారడం మొదలైంది. 1998 అక్టోబరులో ప్రధాని వాజపేయి జాతీయ రహదారుల అభివృద్ధి పథకాన్ని ప్రకటించారు. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి ఒకటి. శ్రీనగర్–కన్యాకుమారి, సిల్చర్–పోర్‌బందర్ కారిడార్లు రెండోది. ఈ కారిడార్లు రెండూ ఝాన్సీ దగ్గర కలుసుకుంటాయి. సేలం–కొచ్చి కొమ్మతో కలిపి ఉత్తర–దక్షిణ కారిడార్ పొడవు దాదాపు 4,000 కిలోమీటర్లు. ఖర్చులో పెద్ద భాగం పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు ఇంత అని వేసిన సెస్సుతో కూడబెట్టారు. మడకశిరలో ట్రాక్టరుకు డీజిల్ పోయించుకున్న రైతు కూడా కాశ్మీరు దాకా పోయే రోడ్డుకు తన వాటా చెల్లించాడన్నమాట. 2010 ప్రాంతానికి హైదరాబాద్–బెంగళూరు నడుమ నాలుగు వరుసల పని చాలావరకు పూర్తయింది.

రోడ్డంటే పైన కనబడే నల్లటి తారు అనుకుంటాం. తారు పొరలన్నీ కలిపినా రోడ్డు మందంలో చిన్న భాగమే. అసలు పని కింద జరుగుతుంది. దమ్ము చేసిన మడిలో దిగితే కాలు కూరుకుపోతుంది, అదే ఒక చెక్క పలక వేసి దాని మీద నిలబడితే బరువు పలకంతా పరుచుకుని మనిషి మునగడు. రోడ్డు పొరలు చేసేది ఆ పలక పనే. లారీ చక్రం అరచేతులంత చోట మోపే బరువును ఒక్కో పొర ఇంకాస్త వెడల్పుగా పంచుతూ కిందికి దింపుతుంది. అన్నిటికంటే కింద మట్టి గట్టు. దాని పైన అర మీటరు మందాన ఎంపిక చేసిన మట్టితో సబ్‌గ్రేడ్. ఆ పైన జీఎస్‌బీ అనే కంకర పొర, దాని మీద వెట్‌మిక్స్, ఆ పైన డీబీఎం, చివర బీసీ అని సైటు మీద పిలిచే రెండు తారు పొరలు. జీఎస్‌బీకి బరువు మోయడంతో పాటు ఇంకో పని ఉంది. లోపలికి ఇంకిన నీటిని పక్కకు నడిపించి బయటికి పంపేది అదే.

నీరు రోడ్డుకు శత్రువని అందరూ అంటారు, అయితే నీరు లేనిదే రోడ్డు పుట్టదు. 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మట్టి ఆనకట్టలు కట్టించిన రాల్ఫ్ ప్రాక్టర్ అనే ఇంజినీరు ఈ సంగతిని లెక్కలోకి తెచ్చాడు. ఎండిన మట్టిని ఎంత తొక్కినా రేణువులు ఒకదాని మీద ఒకటి జరగవు, నడుమ గాలి ఖాళీలు మిగిలిపోతాయి. తడి ఎక్కువైతే ఆ ఖాళీల్ని నీరే ఆక్రమిస్తుంది, మట్టి బురదై సాగుతుంది. రెంటికీ నడుమ ఒక తేమ పాలు ఉంటుంది, దాని దగ్గర మట్టి అతి గట్టిగా కుదుటపడుతుంది. ఆ పాలు ఒక్కో మట్టికి ఒక్కోలా ఉంటుంది, ల్యాబులో తేల్చుకోవాలి. జాతీయ రహదారి సబ్‌గ్రేడ్‌లో ఆ అత్యధిక సాంద్రతలో కనీసం 97 శాతం సాధించాలని నిబంధన. అందుకే రోలరు ముందు ట్యాంకరు నడుస్తుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, ఎండాకాలంలో తాగునీటికే బోర్లు వెతుక్కునే చోట, వందలాది కిలోమీటర్ల గట్టును తడపడానికి నీళ్ళు సమకూర్చడం చిన్న పనేమీ కాదు.

మట్టి విషయంలో మన రాష్ట్రంలో ఈ దారి దక్షిణ భాగం అదృష్టవంతమైనదే. పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం పరిసరాల్లో కింద నైస్, గ్రానైటు శిలలు. ప్రపంచంలోని అతి పురాతన భూఖండాల్లో ఒకటైన ధార్వార్ క్రేటన్ ఇది, ఇందులో 250 కోట్ల ఏళ్ళకు పైబడిన రాళ్ళున్నాయి. అవి చితికి ఏర్పడ్డ ఎర్ర గరప నేల నీటిని తొందరగా వదిలేస్తుంది, తడిసినా పెద్దగా ఉబ్బదు. మనవాళ్ళు గ్రావెల్ అని తోలుకునే మట్టి రోడ్డు గట్టుకు చక్కగా పనికొస్తుంది. గుత్తి దాటి కర్నూలు వైపు పోయేకొద్దీ నల్లరేగడి తగులుతుంది. పత్తికీ శనగకూ అంతకు మించిన నేల లేదు, రోడ్డుకు అంతకు మించిన చిక్కూ లేదు. అందులోని మాంట్‌మొరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజం కాగితాల దొంతరలాంటి పలుచని పొరలతో ఉంటుంది. వాన పడగానే ఆ పొరల నడుమకు నీరు దూరి నేల ఉబ్బుతుంది. ఎండ కాయగానే కుంచించుకుపోయి బెత్తెడు వెడల్పున నెర్రెలు బారుతుంది. ఏటా ఒకసారి పైకి లేచి కిందికి దిగే నేల మీద ఏ తారూ నిలవదు. అలాంటి చోట పై మట్టిని తవ్వి తీసేసి వేరే మట్టి నింపాలి, లేదా సున్నం కలిపి ఆ మట్టి గుణాన్నే మార్చాలి.

రాయి మాత్రం మనకు కావలసినంత. కొండ పక్కన క్వారీ, దాని పక్కన క్రషర్, ఆ పక్కనే తారు కలిపే హాట్‌మిక్స్ ప్లాంటు. రాయలసీమలో రోడ్డు పని అంటే ఈ మూడూ కనబడాల్సిందే. అయితే గ్రానైటుకు ఒక గుణం ఉంది, చాలామందికి తెలియదు. దానిలో సిలికా ఎక్కువ. సిలికా పాలు ఎక్కువైన రాళ్ళకు తారు కంటే నీటితోనే పొత్తు ఎక్కువ. చిన్న పగులులోంచి నీరు లోపలికి దిగిందా, కంకరకు అంటుకున్న తారును ఒలిచేసి ఆ చోట తను చేరుతుంది. తర్వాత లారీల ఒత్తిడికి కంకర విడివిడి గుళ్ళై చెదిరిపోతుంది. వానాకాలం వెళ్ళాక రోడ్డు మీద రాలిపడి కనబడే కంకర గుళ్ళలో కొన్ని ఇలా వచ్చినవే. దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడినది కాదు: మిశ్రమంలో కొద్దిపాటి సున్నప్పొడి, లేదా తారును రాయికి పట్టి ఉంచే రసాయనం కొద్దిగా. ఎంత గట్టి రాయి ఉన్నా ఈ చిన్న జాగ్రత్త వదిలేస్తే రోడ్డు నిలవదు.

ఎండ మరో పరీక్ష. గాలి వేడి 42 డిగ్రీలున్న మే మధ్యాహ్నం నల్లటి రోడ్డు ఉపరితలం 60 దాటిపోతుంది. మెత్తబడ్డ తారు మీద బరువు లారీలు ఒకే జాడలో నడిచేసరికి చక్రాల గాడులు పడతాయి. వాటిలో వాన నీరు నిలిస్తే కారు అదుపు తప్పుతుంది. ఎండ ఎక్కువ, బరువు రవాణా ఎక్కువ ఉన్న దారులకు వీజీ–40 అనే చిక్కటి తారు వాడటం ఇందుకే. మిశ్రమం సుమారు 150, 160 డిగ్రీల వేడి మీద తయారై, చల్లబడేలోగా పరచడం, రోలరు నడపడం ముగిసిపోవాలి. ప్లాంటుకూ పేవరుకూ దూరం పెరిగితే నాణ్యత పడిపోయేది ఇక్కడే.

ఇంత శాస్త్రమూ చివరికి ఒక్క లెక్క దగ్గర తేలుతుంది. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో కొత్త రోడ్డు వేసి, రెండేళ్ళ పాటు దాని మీద బరువు లారీల్ని ఆగకుండా తిప్పి, ఎప్పుడు ఎలా పాడవుతుందో చూశారు. తేలింది ఇది: ఇరుసు మీది బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం ఇంచుమించు ఆ పెరుగుదల నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. అర టన్ను ఇరుసు ఉన్న కారుతో పోలిస్తే 10 టన్నుల ఇరుసు ఉన్న లారీ ఒక్కసారి పోతే, ఆ కారు లక్షన్నర సార్లకు పైగా పోయినంత. ఇంకా కలవరపెట్టే సంగతి అనుమతి మించిన బరువు. ఇరుసుకు 20 శాతం ఎక్కువ వేసుకుంటే నష్టం రెట్టింపు దాటుతుంది. 20 ఏళ్ళకని లెక్కగట్టి కట్టిన రోడ్డు పదేళ్ళకే మరమ్మతుకు రావడం వెనుక దొంగ కంకర, నాసిరకం తారే ఉన్నాయని జనం అంటారు. ఉండవచ్చు. తూకం దాటిన గ్రానైటు దిమ్మెల లారీలు, ఇసుక టిప్పర్లు చేసే నష్టం వాటికి తీసిపోదు. టోల్‌గేటు దగ్గర బరువు తూచే ఏర్పాటు ఎందుకు ముఖ్యమో ఈ నాలుగో ఘాతం చెబుతుంది.

రోడ్డు గట్టు ఎత్తుగా లేస్తే అది నేల మీద కొత్త కట్ట అవుతుంది. రాయలసీమలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి వ్యవసాయమంతా వాన పడ్డ ఆ కొన్ని రోజుల్లో వంకల్లో పారే నీటిని చెరువుల్లోకి పట్టడం మీద నడిచింది. ఒక చెరువు మరవ పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా ఏర్పరచుకున్నారు పెద్దలు. రోడ్డు ఆ వంకకు అడ్డంగా వచ్చినప్పుడు కల్వర్టు తూము చాలినంత ఉంటే సరి. చాలకపోతే పైవైపు పొలం మునుగుతుంది, కిందివైపు చెరువు ఎండుతుంది. కల్వర్టు వెడల్పును సగటు వానను బట్టి కాక, ఎన్నో ఏళ్ళకోసారి వచ్చే కుండపోతను బట్టి నిర్ణయిస్తారు. ఏడాదిలో చాలా రోజులు దాని కింద ఇసుకే కనబడుతుంది కాబట్టి ఇంత పెద్దది ఎందుకని అనిపించడం సహజం. ఆ ఖాళీలో చెత్త పోసి, పూడిక పేరుకోనిచ్చిన చోటల్లా తర్వాతి వాన ఊరి మీదికే వచ్చింది.

44కు అన్ని చోట్లా ఇదే చిక్కు కాదు. కాశ్మీరులో కొండచరియలు, మంచు. అక్కడ 2017లో చెనాని–నాశ్రీ మధ్య 9 కిలోమీటర్ల సొరంగం, 2021లో బనిహాల్–ఖాజీగుండ్ మధ్య ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం వాడుకలోకి వచ్చాయి. మధ్యప్రదేశ్–మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ పులుల అడవి. అక్కడ రోడ్డును పైకి లేపి, జంతువులు కింద నుంచి దాటేలా తొమ్మిది కట్టడాలు కట్టారు, వాటిలో పెద్దది 750 మీటర్ల వెడల్పు. 2019లో అక్కడ కెమెరాలు పెట్టి చూస్తే 18 జాతుల జంతువులు వాటిని వాడుకుంటున్నట్టు తేలింది, పులులు 89 సార్లు దాటాయి.

పులికి కట్టినంత శ్రద్ధగా మనిషికి దాటుదారి కట్టారా అన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. ఇటలీ తన ఉత్తర–దక్షిణ రహదారిని, మిలాన్ నుంచి నేపుల్స్ దాకా సుమారు 750 కిలోమీటర్లు, 1956లో మొదలుపెట్టి 1964 అక్టోబరులో పూర్తిచేసింది. ఆ దారి మొదటి రోజు నుంచీ కంచె వేసినది. నిర్ణయించిన చోట్ల తప్ప ఎవరూ ఎక్కలేరు, దిగలేరు, అడ్డంగా నడవలేరు. 44 అలా కాదు. పాత ఊరి దారినే వెడల్పు చేసి కట్టినది కాబట్టి దాని మీదికి ప్రతి పల్లె బాటా వచ్చి కలుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కారు పోయే వరుసలోకే గొర్రెల మంద, గడ్డి బండి, ఎదురు దిశలో వచ్చే బైకు, బడికి పోయే పిల్లలు వస్తారు. డివైడరులో నాటిన గన్నేరు చెట్లు ఎదుటి లైట్ల వెలుగు కళ్ళలో పడకుండా కాపాడతాయి, పశువులు వాటి జోలికి రావు. అవే గుబురుగా పెరిగిన చోట దాటబోయే మనిషి డ్రైవరుకు కనబడడు.

ఈ దారి మీద రెండు దుర్ఘటనల్ని తెలుగువాళ్ళు మరచిపోలేరు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టు గోడకు తగిలి మంటల్లో చిక్కుకుంది, 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కింద ఒక బైకు చిక్కుకుని మంటలంటుకుని 20 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. రెండూ రాత్రి ప్రయాణాలే. రోడ్డు వేగాన్ని ఇచ్చింది. ఆ వేగంలో జరిగే పొరపాటుకు మనిషి ప్రాణం పోకుండా చూసే ఏర్పాట్లు, అంటే కల్వర్టు గోడలకు ముందు ఉక్కు కంచె, బస్సులో తేలిగ్గా తెరుచుకునే అత్యవసర ద్వారం, పడిపోయిన వాహనాన్ని వెంటనే తొలగించే గస్తీ, వేగంతో పాటు పెరగలేదు. ఇవేవీ ఇంజినీరింగుకు అందనివి కావు.

రోడ్డు తెచ్చిన మేలు కూడా కళ్ళెదుట ఉంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. ఏటా మూడు లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యం దానిది. కారు ఫ్యాక్టరీకి వేల విడిభాగాలు గంట లెక్కన రావాలి, తయారైన కార్లు రోజూ బయటికి పోవాలి. ఇంటి ముందే నాలుగు వరుసల హైవే, పక్కనే రైలు మార్గం, అటు బెంగళూరు, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్ళు. ఈ నాలుగూ ఒక్కచోట కలిసిన స్థలం కరవు జిల్లాలో ఇది. హైవే ఒక్కటే ఉంటే ఫ్యాక్టరీ వచ్చేది కాదు, అది లేకపోతే అసలు ఆలోచించేవారే కాదు.

కొడికొండ చెక్‌పోస్టు ఇప్పుడు ఇంకో పెద్ద కూడలి అవుతోంది. బెంగళూరు–కడప–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే అక్కడే 44 నుంచి విడిపోయి పుట్టపర్తి పక్కగా, సుమారు 340 కిలోమీటర్లు పూర్తిగా కొత్త నేల మీద అద్దంకి వైపు సాగుతుంది. ఆరు వరుసలు. ఇటలీ దారిలా ఇష్టం వచ్చిన చోట ఎక్కడానికి వీలుండదు. 2026 జనవరి 6న పుట్టపర్తి దగ్గర ఆ పనిలో 24 గంటల్లో 28.89 లేన్ కిలోమీటర్ల తారు పొర పరిచి గిన్నిస్ రికార్డు నమోదు చేశారు. వాడిన మిశ్రమం 10,655 టన్నులు. లెక్కవేస్తే ఆ పొర మందం నాలుగు సెంటీమీటర్ల ప్రాంతం. ఆ నాలుగు సెంటీమీటర్ల కింద ఎన్నో నెలల పాటు తడిపి, తొక్కి, తూచి నిలిపిన గట్టు ఉంది. రికార్డుల పుస్తకంలోకి ఎక్కేది పైపొర, బండిని మోసేది ఆ గట్టు.

గుడిబండ, అమరాపురం, రొళ్ళ, అగళి మండలాల వాళ్ళకు అవసరమైనది ఇంకో పెద్ద హైవే కాదు. తూర్పున 44ను, పడమర 48ను కలుపుతూ హిందూపురం, మడకశిర మీదుగా పోయే 544ఈ, దాని మీదికి వచ్చి చేరే పల్లె రోడ్లు వాళ్ళకు ముఖ్యం. వేరుశనగ బస్తాకు, పట్టుగూటికి ధర నిలిచేది ఈ అడ్డదారి మీద గుంతలు లేకుండా బండి ఎంతసేపట్లో మార్కెట్ చేరిందన్న దాని మీదే. పెద్ద రోడ్డు పక్క ఊళ్ళ పంచాయతీలు సర్వీసు రోడ్డు, కాలినడక వంతెన, వంక దాటే చోట చాలినంత తూము అడిగి రాతపూర్వకంగా తీర్మానం చేసి, పనుల రూపకల్పన దశలోనే జాతీయ రహదారుల సంస్థకు పంపాలి. గట్టు లేచిపోయాక దాన్ని కోసి దారి పెట్టడానికి ఖర్చూ ఎక్కువే, ఏళ్ళూ పడతాయి.